ఉదయగిరి కొండ, మన ఊరు: ఈ ఏటి వార్షిక నివేదిక

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక మన తప్పుతో మొదలవుతుంది. పోయినేడు సంక్రాంతికి ముందు మన కుర్రాళ్లు కొండ దిగువన ఒక పాత మండపాన్ని శుభ్రం చేశారు. కంపచెట్లు కొట్టారు, సీసాపెంకులు ఏరారు, రెండు రోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. చివర్లో, పండగ వస్తోంది కదా అని స్తంభాలకు సున్నం కొట్టారు. వద్దని ఎవరూ అనలేదు. కార్యదర్శిగా నేనూ అక్కడే ఉన్నాను, చాలా బాగుందనే అన్నాను. ఈ ఏడు వేసవి సెలవుల్లో శాసనాలు చదవడం వచ్చిన ఒక మాస్టారు మన ఊరికి వచ్చారు. ఒక స్తంభం దగ్గర చాలాసేపు నిలబడి చేత్తో తడిమి చూశారు. దాని మీద అక్షరాలున్నాయి, సున్నం ఆ గాట్లలోకి దిగిపోయింది అన్నారు. ఆ మాటకు మాకు ఎంత బాధ కలిగిందో ఇక్కడ రాయలేను.

వెంటనే గీకేద్దామని మనవాళ్లు బయల్దేరారు. మాస్టారే ఆపారు. ఇనుప బ్రష్షు పెడితే సున్నంతో పాటు అక్షరం అంచు కూడా ఊడిపోతుందట. అంచు పోతే ‘ప’ ఏదో ‘వ’ ఏదో ఎవరికీ తెలియదు. శాసనం నకలు ఎట్లా తీస్తారో ఒక పలక మీద చేసి చూపించారు. రాయిని తడిపి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొడుతూ పోతే కాగితం గాట్లలోకి దిగుతుంది. కాస్త ఆరాక సిరా అద్దితే పైభాగం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. పాత కట్టడాల మీద ఇది కూడా అనుమతి లేకుండా చేయకూడదని గట్టిగా చెప్పారు. మన స్తంభం సంగతి రాసి సంబంధిత శాఖకు ఉత్తరం పెట్టాం. జవాబు రావాల్సి ఉంది. వచ్చేదాకా ఆ స్తంభాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మనవి.

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు సేకరించి, 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా ఉంటాయి, ఉదయగిరి తాలూకా కూడా ఉంది. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోనే వస్తాయి, అప్పటికి అవన్నీ నెల్లూరు కిందే. ఆదివారాలు పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని మన ఊరి పేజీలు చదవడం మొదలుపెట్టాం. పదిమందికి మించి రావడం లేదు. ఆడపిల్లలే ఎక్కువ శ్రద్ధగా వస్తున్నారు, పాత అక్షరాలు మాకంటే వాళ్లకే త్వరగా పట్టుబడుతున్నాయి. పిల్లలున్న ఇళ్లవాళ్లు పంపించండి.

కొండ మీదికి వచ్చేవాళ్లు పెరిగారు. కార్తీకంలో ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన చూసుకునే కుటుంబాలు ఇటు కూడా తిరుగుతున్నాయి. ఒకే కొండను తొలిచి కట్టిన 8 శివాలయాలు భైరవకోనలో చూసి, మన దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. మన కొండ 3,079 అడుగులు. మంచినీళ్లు చాలినన్ని లేకుండా, చెప్పులతో, మధ్యాహ్నం పూట ఎక్కేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. అందుకే బస్టాండులో బోర్డు పెట్టాం: తెల్లారకముందే బయల్దేరండి, ఒంటరిగా వెళ్లొద్దు, మీరు తీసుకెళ్లిన సీసా మీరే కిందికి తెండి. ఎండాకాలంలో ఎక్కొద్దని కూడా రాశాం. వానలు తగ్గిన డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండకు మంచి కాలం.

వాళ్లకు దారి చూపే మన కుర్రాళ్లతో ఈ ఏడు చాలాసార్లు కూర్చున్నాం. దారి వాళ్లకు కొట్టినపిండి. కాని ఏం చెబుతున్నారు? సొరంగాలు, లంకెబిందెలు, రాత్రిపూట వెలిగే దీపాలు. వినేవాళ్లు ముచ్చటపడుతున్న మాట నిజమే. అయితే అదే కథ విని గడ్డపార పట్టుకుని వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మంటపాల్లో బండలు పెకలించిన గుంటలు మీరందరూ చూసినవే. ఆ గుంటల్లో నిధులు దొరికినట్టు మేమైతే వినలేదు, పగిలిన శిల్పాలు మాత్రం చూశాం. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉందని కుర్రాళ్లకు చెప్పాం. రాత్రుళ్లు కొండ దిక్కు టార్చిలైట్లు కనబడితే మీరు ఎదురు వెళ్లొద్దు, పోలీసులకు ఫోన్ చేయండి.

అసలు కథ ఉండగా లంకెబిందెలు ఎందుకు? ఒడిశా గజపతుల చేతిలో ఉన్న మన కొండమీది కోటపైకి కృష్ణదేవరాయలు 1513లో దండెత్తారు. కోట చేతికి వచ్చేసరికి 1514 అయింది. ముట్టడి ఏడాదిన్నర సాగిందని, మనిషి వెనక మనిషి నడవాల్సిన ఇరుకు దారి తప్ప వేరే దారి లేకపోవడంతో రాయలు బండలు పగలగొట్టించి దారి వేయించారని నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాశాడు. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడికి రాయలు హంపిలో గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఇది చెబితే కొండ ఎక్కేవాళ్లు ఆగి వింటున్నారని కుర్రాళ్లే వచ్చి చెప్పారు. పిల్లల్ని చెన్నై తీసుకెళ్లి మన కృష్ణుణ్ణి చూపించాలనుకున్నాం. ఈ ఏడు బస్సు కుదరలేదు.

కొయ్య పనివాళ్ల సంగతి వివరంగా చెప్పాలి. మన గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశమంతా తెలుసు. కాని కొండకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ పని జరిగే వీధిలోకి అడుగే పెట్టకుండా వెళ్లిపోతున్నారు. నర్ది, బిక్కి, దేవదారి కొయ్యను రంపంతో కోసి, బాడిసతో చెక్కి, ఆకురాయి పెట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేసరికి ఒక చెంచా వెనక ఎంత పని ఉందో చూస్తేనే తెలుస్తుంది. చూసినవాళ్లు బేరం ఆడరు. అందుకే కొండ దిగిన బృందాలను మన కుర్రాళ్లు నేరుగా ఆ ఇళ్లకు తీసుకెళ్లేలా ఏర్పాటు చేశాం. పని చేసే అక్కలు, ఆపాలు ముందు మొహమాటపడ్డారు. ఇప్పుడు వాళ్లే ఎన్నింటికి వస్తారని కనుక్కుంటున్నారు. కుర్రాళ్లు ఇందులో కమీషన్ తీసుకోకూడదని తీర్మానం చేశాం, ఒకరిద్దరు అలిగారు కూడా. నా అభిప్రాయం మారలేదు. ఆ డబ్బు చెక్కిన చేతికే పోవాలి.

కొయ్య దొరకడం ఏటికేడు కష్టమవుతోందని అందరూ అంటున్నారు. ఆ చెట్ల మొక్కలు పెంచే పని గురించి అటవీ శాఖ వాళ్లను అడగాలని కార్యవర్గం అనుకుంటోంది. ఇంకా మొదలుకాలేదు.

జమాఖర్చుల కాగితాలు గ్రంథాలయం నోటీసు బోర్డులో పెట్టాం. అనుమానం ఉన్నవాళ్లు రసీదు పుస్తకాలు అడిగి చూడొచ్చు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలోపు కట్టండి.

సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాం: పాత రాయి దేని మీదా ఇకమీదట మన సంఘం తరఫున సున్నం, రంగు, సిమెంటు వేయకూడదు, మంచి మనసుతో అయినా సరే. దీని మీద వేరే అభిప్రాయం ఉన్న పెద్దలు కూడా వచ్చి మాట్లాడండి. సున్నం కొట్టిన కుర్రాళ్లు కూడా వస్తామన్నారు, వాళ్లను ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు.