తెలుగులో ఓ అరగంట ప్రపంచ వార్తలు ఇప్పించండి
కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి ఒక పొగాకు రైతు బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియోలో 1988 నుంచి ‘న్యూస్‌అవర్’ అనే ఇంగ్లీషు వార్తా కార్యక్రమం వస్తోంది. వీలైతే వినండి. ప్రకాశం జిల్లా టంగుటూరులో నేను దాన్ని ఫోనులో వింటుంటాను. మంత్రులకు అంతగా రుచించకపోవచ్చు లెండి. జవాబు దాటవేస్తే అక్కడ మళ్లీ అదే ప్రశ్న వేస్తారు.

ఒక యుద్ధం గురించి చెప్పాలంటే ఆ ఊళ్లో ఉన్న మనిషిని, ఆ ప్రభుత్వం తరఫు వ్యక్తిని, ఆ వ్యవహారం ఆనుపానులు తెలిసిన విలేకరిని విడివిడిగా మాట్లాడిస్తారు. నలుగురు ఒకేసారి అరవరు. ఎదుటివాడు మాట పూర్తిచేసేదాకా ఆగుతారు. మన టీవీ చర్చలు చూసి విసిగినవాడికి ఇదే పెద్ద ఊరట.

పొగాకు రైతుకు పరదేశపు వార్తలెందుకంటారా? మా వేలం కేంద్రంలో బేలు ధర విదేశీ ఆర్డర్లను బట్టి లేస్తుంది, పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ ఓడెక్కాల్సిందే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2025 ఆగస్టు 27న మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల్లో మనకు పోటీ అయిన ఈక్వడార్‌పై అంతకంటే చాలా తక్కువ ఉండేది. చెరువులు వేసిన మా బావమరిదికి అప్పట్లో అందినవి వాట్సాప్ పుకార్లే. ఇంగ్లీషు కార్యక్రమం వినమని అతనికెలా చెప్పను?

ప్రైవేటు ఎఫ్ఎంలు, కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు యథాతథంగా వినిపించవచ్చునన్నది మీ శాఖ నిబంధన. ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. టీవీ చానళ్లకు, ఫోనుకు లేని కట్టడి రేడియోకే ఎందుకో నాకు అంతుపట్టదు.

ఆ నిబంధన సడలించడానికి సమయం పడుతుందంటే, ముందు ఆకాశవాణిలోనే మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం అరగంట, తెలుగులో, ప్రపంచ వార్తలు. చదివి వినిపించే బులెటిన్ కాదు. ఫోను కలిపి మనుషులను మాట్లాడించేది. తెలుగువాళ్లు లేని దేశం అరుదు కనుక మాట్లాడేవారికి కొదవ ఉండదు. పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కాలుతున్నన్నాళ్లూ రాత్రీపగలూ మంట చూసుకోవాలి. కళ్లు అక్కడుంటాయి కనుక టీవీ కుదరదు, పేపరూ కుదరదు. చెవులు మాత్రం ఖాళీ.

తొలి కార్యక్రమానికి మిమ్మల్నే పిలిచి, ఈ నిబంధన గురించే అడిగితే మరీ సంతోషం.

ఇట్లు,
టంగుటూరు పొగాకు రైతు