మీ అంబాసిడర్ ఇంజన్లు ఇంకా బెంచీ మీదే ఎందుకున్నాయంటే

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో ఇప్పుడు మూడు అంబాసిడర్ ఇంజన్లు విప్పి ఉన్నాయి. దసరాకి ఇస్తానన్నాను, ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసిన ప్రతిసారీ "వారంలో అయిపోతుందండీ" అని తప్పించుకోవడం నాకే బాగోలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. ఏలూరు నుంచి వచ్చిన ఒక మార్క్ 2 బండికి ఇంజన్ కట్టాను. కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లని, తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కడ్డీలు) మాత్రం తుక్కుకొట్లో కొన్న పాత ఇంజన్లోవి. మా కుర్రాడు నాలుగు రాడ్లూ, వాటి అడుగున బిగించే నాలుగు క్యాపులూ ఒకే కిరసనాయిలు ట్రేలో వేసి కడిగేశాడు. రెండింటి మీద జత నంబర్లు అరిగిపోయి ఉన్నాయి. చేత్తో పెట్టి చూస్తే చక్కగా కూర్చున్నాయి కదా అని బిగించేశాను. రాడ్డునీ క్యాపునీ కలిపి బిగించాకే క్రాంకు పట్టే రంధ్రం బోరు చేస్తారు. జత మారితే గుండ్రం పోతుంది, ఆ తేడా కంటికి ఆనదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక లోడు మీద టకటకమని చప్పుడు మొదలైంది. సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పితే ఆయిల్లో రజను పోసినట్టు మెరుపు. రెండో రాడ్డు బేరింగు అరిగి లోపలి రాగి రంగు తేలింది. పది సైజులో (అంగుళంలో పది వెయ్యోవంతులు తగ్గించి) ఉన్న క్రాంకుని ఇరవైకి గ్రైండింగ్ చేయించాల్సి వచ్చింది. ఖర్చు నేనే పెట్టుకున్నాను. బండి ఓనరు తిట్టలేదు గానీ, పక్కన కుర్చీ వేసుకుని విప్పేదంతా చూస్తూ కూర్చున్నారు. అంతకంటే నాలుగు తిడితేనే నయం.

"మరి అన్నీ కొత్తవే వేయొచ్చుగా?" అని అడుగుతున్నారు. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఈమధ్య కొత్తదని డబ్బాలో వచ్చిన ఒక పిస్టన్ల సెట్టు తూకం వేస్తే నాలుగూ నాలుగు బరువులు! పాత క్రాంకు, పాత రాడ్డు మీదే నాకు నమ్మకం ఎక్కువ. కాకపోతే కొలిచాకే.

అసలు టైము తినేది అక్కడే. తుక్కుకొట్టువాడికి ఏదైనా "అంబాసిడర్ ఇంజనే". ముందు పానా పెట్టి చూస్తాను. పాత 1489 సీసీ బి.ఎం.సి. ఇంజన్‌కి అంగుళాల పానాలు పడతాయి, తర్వాత వచ్చిన ఇసుజు 1817 సీసీకి ఎం.ఎం. పానాలు. ఆ తర్వాత పిస్టన్ తల మీద మసి గీకితే 020 అనో, 030 అనో సైజు (స్టాండర్డ్ కన్నా అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులు పెద్దదో) కనపడుతుంది. 1489 ఇంజన్‌కి స్టాండర్డ్ బోరు (సిలిండర్ రంధ్రం వెడల్పు) 73.025 ఎం.ఎం. దాని మీద ఎన్నిసార్లు బోరింగ్ అయిందో, ఇంకా లోహం ఎంత మిగిలిందో బోర్ గేజ్‌తో చూడాలి. క్రాంకుని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే గంటలా మోగాలి. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందన్నమాట, ఇక మైక్రోమీటర్ తియ్యడం కూడా దండగ. హెడ్డుకి (ఇంజన్ పై మూతకి) కిరసనాయిలు పట్టించి, తుడిచి, సుద్దపొడి చల్లుతాను. వాల్వు సీట్ల మధ్య పగులుంటే కాసేపటికి సన్నటి తడి గీత పైకి వస్తుంది. మొన్న చూసిన మూడు హెడ్డుల్లో రెండు అలాగే పోయాయి.

బేరింగులు, రింగులు, గాస్కెట్లు, వాల్వు స్ప్రింగులు మాత్రం పాతవి వేయను, ఎంత బాగున్నా సరే. ఇంకో మాట, "వెనక ఆయిల్ కారుతోంది, సీలు మార్చండి" అంటుంటారు. పాత 1489 ఇంజన్లో అక్కడ రబ్బరు సీలే లేదండీ. క్రాంకు మీద మరలాంటి గాడి ఉంటుంది, అదే ఆయిల్ని లోపలికి తోస్తుంది. కాస్త కారుతుంది, అంతే.

మీ బ్లాకుని (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మని) మాత్రం చేతనైనంతవరకు మార్చను. అవసరమైతే సిలిండర్లలో స్లీవులు (లోహపు గొట్టాలు) కొట్టించి అదే వాడతాను. ఆర్.సి.లో ఇంజన్ నంబరు ఉంటుంది కదా, బ్లాకు మారిస్తే ఆర్.టి.ఓ. చుట్టూ తిరగాలి. పైగా 2021 నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వి.ఎ. అక్షరాల వింటేజ్ నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు చేసి ఉండకూడదు. ఇద్దరు ఆ నంబరు కోసమే చూస్తున్నారు.

ఇకనుంచి వేసే ప్రతి పాత పార్టుకీ ఒక చీటీ కడతాను. ఏ ఇంజన్లోంచి తీశాను, కొలత ఎంత వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. రాడ్డూ క్యాపూ జతగా బిగించే కడుగుతాం. బిగించేముందు ఫోటో మీ వాట్సాప్‌కి వస్తుంది. కూలీ ఏమీ పెంచడం లేదు, ఆర్నెల్ల హామీ పాత పార్టులకీ వర్తిస్తుంది.

గుంటూరు తెల్లబండి ఈ నెలాఖరుకి స్టార్ట్ అవుతుంది. తెనాలి మార్క్ 3కి క్రాంకు లేత్ షాపులో ఉంది, ఇంకో మూడు వారాలు. మచిలీపట్నం బండికి మాత్రం మంచి హెడ్డు దొరకలేదు, తేదీ చెప్పలేను. ఆ అడ్వాన్స్ వెనక్కి కావాలంటే రేపే ఇచ్చేస్తాను. మీ ఊళ్లో ఎవరి పశువుల పాకలోనైనా పాత అంబాసిడర్ ఇంజన్ పడి ఉంటే తుక్కు కింద తోలెయ్యకముందు నాకో ఫోన్ చెయ్యండి.