వానల్లో రంగు వేసిన రిమ్ములు వెనక్కి తెచ్చేయండి

మన కస్టమర్లందరికీ నమస్కారం. ఈ జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా మన షెడ్డులో పాత కార్ల రిమ్ములకు తుప్పు తీయించి రంగు వేయించుకున్నవాళ్లు 11 మంది. అందులో ముగ్గురి రిమ్ములకు పొక్కులు లేచాయి. ఇంకొకాయనకు దారిలో పెద్ద గండమే తప్పింది. రంగు మంచిదే, పెయింటరు కుర్రాడూ మంచివాడే. తప్పు నాది.

మొదటి ఫోను చీపురుపల్లి నుంచి మాస్టారు చేశారు. తెల్ల అంబాసిడర్, స్టెప్నీతో కలిపి అయిదు రిమ్ములు. "ఏటి బావూ, రంగేసినావా, బూరెలేసినావా?" అన్నారు. బండి తెచ్చాక చూస్తే నిజంగానే బూరెలు. గోటితో ఒకటి గిల్లితే రంగు పొరలా లేచొచ్చింది. దాని అడుగున ఇనుము ఎర్రగా, తడిగా ఉంది. అది ఏ రోజు చేసిన పనో నాకు వెంటనే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం అయిదింటికి బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో రవ్వ కొట్టి తుప్పు వదిలించడం, పూర్తయింది. ఇసుక కాదులెండి, కాపర్ స్లాగ్ గ్రిట్, రాగి కరిగించాక మిగిలే చిట్టెం రవ్వ. ఇసుక దుమ్ము పీలిస్తే సిలికోసిస్ వస్తుందని ఆ మిషను కొన్నప్పుడే ఇసుక మానేశాం. బ్లాస్టింగ్ అయిన రిమ్ము చూడ్డానికి వెండిలా ఉంటుంది గాని, సింహాచలంలో గుండు చేయించుకుని గంధం రాయకుండా ఎండలో నిలబడ్డ మనిషి లాంటిది అది. వెంటనే ప్రైమరు, అంటే రంగు కింద వేసే మొదటి పూత, పడాలి. మేం రంగు కొట్టే గన్ను కడిగి సిద్ధమయ్యేసరికి కరెంటు పోయింది, కంప్రెసరు ఆగింది, బయట ఒకటే ముసురు. రాత్రి తొమ్మిది దాకా చూసి, గోనెపట్టా కప్పి ఇంటికెళ్లిపోయాం. పొద్దున్నకి అయిదు రిమ్ముల మీదా పసుపు రాసినట్టు సన్నటి పూత. అది తుప్పే. కుర్రాడు "మళ్లీ బ్లాస్టింగ్ చేద్దామా అన్నా?" అని అడిగాడు కూడా. ఆ వారం డెలివరీలు నాలుగున్నాయి. "థిన్నరుతో తుడిచి వేసెయ్" అన్నాను. థిన్నరు నూనెనీ జిడ్డునీ తీస్తుంది, తుప్పుని తీయదు. పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, నాకు తెలీక కాదు.

పొక్కులొచ్చిన ముగ్గురిలో ఒకరిది కోనాడ వైపు బండి. దానికి ఇంకో చిక్కుంది. సముద్రపు గాలిలో తిరిగిన రిమ్ము మీద తుప్పు గుంటల్లో ఉప్పు ఇరుక్కుపోతుంది. బ్లాస్టింగ్‌తో అది పూర్తిగా పోదు. మంచినీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఒకసారి గ్రిట్ కొట్టాలి. లేకపోతే ఉప్పు పైనున్న రంగులోంచే చెమ్మని లాక్కుంటుంది. మేం ఒక్కసారి కొట్టి ఊరుకున్నాం.

ఇక రెండో సంగతి. రాయడానికి సిగ్గుగానే ఉంది. మన కస్టమరు ఒకాయన కుటుంబంతో భీమిలి బయల్దేరారు. తగరపువలస దాటాక ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. అదృష్టం బాగుండి వెంటనే పక్కకి తీసి ఆపారు. చూస్తే వీలు నట్లు చేత్తో తిరుగుతున్నాయట! అక్కడే బిగించుకుని, తిన్నగా మన షెడ్డుకే వచ్చారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కారణం ఇదీ. రిమ్ముకి నట్టు కూర్చునే చోట ఏటవాలు అంచు ఉంటుంది. నట్టు అక్కడ ఇనుము మీద ఇనుమై ఆనాలి. మేం అందంగా కనపడాలని ఆ అంచుల మీద కూడా ప్రైమరు రెండు కోట్లు, రంగు రెండు కోట్లు, పైన మెరుపుకి లాకరు కొట్టేశాం. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. బండి నడిచి, బ్రేకు డ్రమ్ము వేడెక్కి, గతుకులు తగిలేసరికి నట్టు కింద రంగు నలిగి పల్చబడుతుంది. అంత మేరా బిగువు పోతుంది. డ్రమ్ముకి ఆనే వెనక భాగమూ అంతే. ఇప్పుడు ఆ రెండు చోట్లా టేపు వేసి రంగు ఆపేస్తున్నాం, పల్చటి ప్రైమరు పొర ఒక్కటే ఉంటుంది. మీరు దగ్గరికెళ్లి చూస్తే నట్ల చుట్టూ రంగు లేనట్టు కనిపిస్తుంది. అది మరిచిపోయి వదిలేసింది కాదు.

ఆ 11 మందికీ నా మనవి: బండి దూరం తీసుకెళ్లకముందే నట్లు ఒకసారి చూసుకోండి. ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాలి, ఆఖరి బిగింపు జాకీ దించాక. ఇకనుంచి మన దగ్గర రిమ్ము చేయించుకున్న ప్రతి బండీ 80 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి షెడ్డుకి రావాలి. అయిదు నిమిషాల పని, డబ్బులుండవు. మీరు రాకపోతే నేనే ఫోను చేసి విసిగిస్తాను.

పొక్కులొచ్చినవీ రానివీ కూడా, ఆ మూడు నెలల్లో చేసినవన్నీ మళ్లీ మొదటి నుంచి ఉచితంగా చేస్తాను. ట్యూబులు కూడా తీసి చూస్తాం. రిమ్ము లోపలి తుప్పు రేకులు ట్యూబుని ఒరుసుకుని పంక్చర్లు చేస్తాయి. "ట్యూబు నాసిరకం" అని మీరు తిట్టుకున్నవాటిలో సగం ఆ బాపతే. అయితే ఒక్క వారంలో ఇమ్మంటే ఇవ్వలేను. గాలిలో తేమ 85 శాతం దాటితే గన్ను పట్టుకోకూడదని, లోహం వేడి, గాలిలో చెమ్మ మంచులా పట్టే స్థాయికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలని లెక్క. ఇన్నాళ్లూ పెద్ద చెరువు వైపు మబ్బు చూసి పని చేశాను. ఇప్పుడు ఇవి కొలిచే మీటరు కొన్నాను. మీటరు వద్దంటే ఆ రోజు పని లేనట్టే. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం అయిపోయింది గాని తుఫాన్ల రోజులు అయిపోలేదు. కాబట్టి కొత్త పనులు కార్తీకం దాటాకే తీసుకుంటాను. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే అంబాసిడర్లవాళ్లు మాఘం ముహూర్తాలకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

రేటు కూడా పెంచుతున్నాను. రిమ్ముకి 1,800 ఉండేది 2,300 అవుతుంది. రెండుసార్లు బ్లాస్టింగ్, కడగడం, రోజంతా ఆగడం, వీటికి అయ్యే ఖర్చు అది. పౌడర్ కోటింగ్ చేయరా అని చాలామంది అడుగుతున్నారు. దానికి 180, 200 డిగ్రీల పొయ్యి కావాలి, నా దగ్గర లేదు.

కొన్ని రిమ్ములు తిప్పి పంపేస్తున్నాను, దానికి కోపం తెచ్చుకోవద్దు. మొన్న ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి బండి రిమ్ము తెచ్చాడు. సుత్తితో తడితే మంచి ఇనుము ఠంగుమంటుంది. ఇది డబ్బుమంది. రిమ్మూ, మధ్య పళ్లెమూ కలిసే అతుకు దగ్గర స్క్రూడ్రైవరు ఆనించి నొక్కాను, అవతలికి వచ్చేసింది. "పుట్టీ పెట్టి కనపడకుండా చేసెయ్యండన్నా, నాన్నగారి గుర్తు" అన్నాడు. గుర్తయితే గోడకి తగిలించుకో, బండికి మాత్రం వద్దన్నాను. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది, కొత్త రిమ్ము కష్టమే. పాత సామాను షాపుల్లో ఓపిగ్గా వెతికితే నిక్షేపంలాంటివి ఇంకా ఉన్నాయి. కొనేముందు నాకు చూపించండి.

11 మందిలో తొమ్మిది మందితో మాట్లాడాను. ఇద్దరి నంబర్లు కలవడం లేదు. అందులో ఆకుపచ్చ పద్మిని కారు తెచ్చిన పార్వతీపురం మాస్టారూ, మీ వీలు కప్పు ఒకటి మా బెంచీ కింద దొరికింది. కుర్రాళ్లు అందులో వాషర్లు పోసుకుంటున్నారు. తుడిపించి పక్కన పెట్టాను.