1992 రాయల్ రంబుల్‌లో మాయమైన కామెంటరీ, నా మాట వినని మీ కస్టమర్ కేర్

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

అయ్యా,

మీ యాప్‌లో పాత రెజ్లింగ్ షోల వరసలో 1992 రాయల్ రంబుల్ ఉంది. అందులో అసలు రంబుల్ మ్యాచ్ మొదలైన కాసేపటికే కామెంటరీ ఆగిపోయి, చివరిదాకా మళ్ళీ రాదు. జనం గోల మాత్రం సన్నగా వినిపిస్తుంది. లోపం ఇంతే. ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి, దాని మీద నాకు కోపం లేదు. ఆ సంగతి చెప్పిన పాపానికి మీ వాళ్ళు నన్ను తిప్పిన తీరు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట మీ యాప్‌లోని చాట్‌లో రాశాను. యంత్రం పలికింది. పేమెంట్ సమస్యా, లాగిన్ సమస్యా, క్రికెట్ లైవ్ సమస్యా అని అడిగింది. నాది ఏదీ కాదు. "సౌండ్ రావడం లేదు" అని టైప్ చేస్తే "వాల్యూమ్ పెంచి చూడండి" అంది. చాలాసేపటికి ఒక మనిషి వచ్చాడు. యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు, వేసుకున్నాను. టీవీ ఆపి ఆన్ చేయమన్నాడు, చేశాను. మిగతా షోలకు సౌండ్ వస్తోందా అని అడిగాడు. బ్రహ్మాండంగా వస్తోందన్నాను. "అయితే మీ టీవీలో సమస్య లేదు సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" అని చాట్ మూసేశాడు. నా టీవీలో సమస్య లేదని నాకు ముందే తెలుసు. సమస్య మీ వీడియోలో ఉందని చెప్పడానికే కదా నేను వచ్చింది!

తర్వాత ఫోన్ చేశాను. పాట వినిపించి వినిపించి ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది. ఏ మ్యాచ్ అని అడిగింది. రాయల్ రంబుల్ అన్నాను. "రాజస్థాన్ రాయల్స్ మ్యాచా సార్?" అంది. ఆ అమ్మాయిని తప్పు పట్టను. రోజంతా క్రికెట్ ఫిర్యాదులు వినే మనిషికి ఇంకేం గుర్తొస్తుంది? రెజ్లింగ్ అని చెప్పాక వేరే టీమ్‌కి కలుపుతానంది. ఆ వేరే టీమ్‌లో నాకు తగిలిన పెద్దమనిషి మొత్తం విని, "1992 కదా సార్, అప్పట్లో సౌండ్ అలాగే ఉండేది" అన్నాడు. 1992లో టీవీలకు నోరు లేదా? అదే మ్యాచ్ మొదట్లో కామెంటరీ స్పష్టంగా ఉందయ్యా, మధ్యలో పోయింది అంటే, "ఎవరు గెలిచారో నెట్‌లో దొరుకుతుంది సార్" అన్నాడు.

ఎవరు గెలిచారో నాకు తెలుసు. వీడియో షాపులో క్యాసెట్ అద్దెకు తెచ్చుకుని చూసిన రోజుల నుంచీ తెలుసు. రిక్ ఫ్లేర్ గెలిచాడు. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తారో మీ ఉద్యోగికి అర్థం కాలేదు కాబట్టి చెబుతాను, దయచేసి దాటేయకుండా చదవండి.

1992 జనవరి 19న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగింది ఆ షో. అంతకు ముందు హల్క్ హోగన్, అండర్‌టేకర్ మధ్య జరిగిన రెండు మ్యాచ్‌ల గొడవతో ఛాంపియన్ బెల్టు ఖాళీ అయింది. రంబుల్ గెలిచినవాడికే బెల్టు అన్నారు. ముప్పై మంది ఒకరి తర్వాత ఒకరు రింగులోకి వస్తారు, పై తాడు మీదుగా బయటపడినవాడు అవుట్. చివరికి మిగిలినవాడు రాజు. కామెంటరీ దగ్గర ఇద్దరు: గొరిల్లా మాన్సూన్, బాబీ హీనన్. మాన్సూన్ న్యాయం మాట్లాడే పెద్దమనిషి. హీనన్ విలన్ల పక్షం, పైగా ఫ్లేర్ అంటే ప్రాణం. ఇప్పుడు ఫ్లేర్‌కి వచ్చిన నంబరు ఎంత? మూడు! అంటే దాదాపు గంటసేపు ఒంటరిగా అందరితో కొట్టుకోవాలి. ఒకటి నుంచి ఐదు నంబర్లు వచ్చినవాళ్ళెవరూ ఇంతవరకూ ఆఖరిదాకా నిలవలేదని మాన్సూన్ తీరిగ్గా గుర్తు చేస్తుంటాడు. హీనన్ గుండె జారిపోతుంది. అక్కడి నుంచి మ్యాచ్ ముగిసేదాకా ఆ మనిషి అరుస్తాడు, బతిమాలతాడు, తిడతాడు, ప్రార్థిస్తాడు.

రింగులో ఏం జరుగుతుందో కళ్ళతో చూడొచ్చు, నిజమే. దొంగలా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చే రెపో మ్యాన్ కనిపిస్తాడు. ఐ.ఆర్.ఎస్. అని, ఇన్‌కమ్ టాక్స్ అధికారి వేషంలో టై కట్టుకుని కుస్తీకి వచ్చే మనిషిని రాడీ పైపర్ అదే టై పట్టుకుని బయటకు లాగేయడం కూడా కనిపిస్తుంది. ర్యాండీ సావేజ్ కోపంలో జేక్ రాబర్ట్స్ వెంటపడి తనంతట తానే పై తాడు మీదుగా దూకేసి, మళ్ళీ లోపలికి రావడం చూసి ఎవరైనా నవ్వుతారు. ఆ దూకుడు ఎలిమినేషన్ కిందికి వస్తుందా రాదా అన్న గోల వినాలంటే కామెంటరీ కావాలి.

పైపర్ సంగతి చూడండి. స్కాట్లాండ్ మగవాళ్ళు స్కర్టులా కట్టుకునే కిల్టుతో వచ్చే మనిషి. అతను జేక్ రాబర్ట్స్ చేతిలోంచి ఫ్లేర్‌ని తప్పించగానే హీనన్ పరవశించిపోయి, నువ్వు కట్టుకున్నది ఆడవాళ్ళ స్కర్టు కాదు, కిల్టే అని ఒప్పుకుంటాడు. మరుక్షణం పైపర్ తిరిగి ఫ్లేర్‌నే బాదుతాడు. అది స్కర్టే, స్కర్టే అని హీనన్ మాట మార్చేస్తాడు. ఆ క్షణం కోసమే నేను ఈ షో పెట్టుకుంటాను. మీ యాప్‌లో అక్కడ ఏముంది? పంచెలాంటిది కట్టుకున్న ఒక మనిషి ఇంకో మనిషిని కొడుతున్న మూగ బొమ్మ ఉంది.

చివర్లో ఫ్లేర్, సావేజ్, హోగన్, సిడ్ మిగులుతారు. సావేజ్ అవుట్ అయ్యాక సిడ్ వెనకనుంచి హోగన్‌ని ఎత్తి బయట పడేస్తాడు. అప్పట్లో హోగన్ అంటే దేవుడు. అయినా ఆ రాత్రి జనంలో చాలామంది సంతోషంతో కేకలు వేశారు! ఓటమి తట్టుకోలేని హోగన్ కింద నిలబడి సిడ్ చేయి పట్టుకుని లాగుతుంటే, ఇదే సందని ఫ్లేర్ వెనకనుంచి సిడ్‌ని నెట్టేస్తాడు. ఫ్లేర్ ఛాంపియన్. హీనన్ ఆనందం పట్టలేడు. మీ వీడియోలో అది కూడా లేదు.

ఇదంతా మీ సూపర్‌వైజర్‌కి ఇంత వివరంగా కాకపోయినా చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "అదంతా డ్రామానే కదా సార్, మాటలు లేకపోతే ఏమైంది?" అన్నాడు. అయ్యా, డ్రామా అని నాకూ తెలుసు. డ్రామా కాబట్టే మాటలు కావాలి. పద్యనాటకం వేస్తున్నామని టిక్కెట్లు అమ్మి, పద్యాలు పాడకుండా నటుల్ని స్టేజి మీద తిప్పితే మా ఊళ్ళో జనం ఊరుకుంటారా?

ఇంకో మాట. బాబీ హీనన్‌కి 2002లో గొంతు క్యాన్సర్ అని తేలింది. మాటలే బతుకుగా బతికిన మనిషికి, తర్వాతి ఏళ్ళలో మాట్లాడటమే కష్టమైపోయింది. 2017లో పోయాడు. గొరిల్లా మాన్సూన్ 1999లోనే పోయాడు. బయట వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులు. హీనన్ అప్పటికే ఈ షో నడిపిన కంపెనీకి పోటీగా ఉన్న రెజ్లింగ్ కంపెనీలో పనిచేస్తున్నా, టీవీలోనే మాన్సూన్‌కి నివాళి చెప్పాడు. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తమ జీవితంలోకెల్లా గొప్పగా మాట్లాడిన గంట అది. వాళ్ళ గొంతులు ఇక రికార్డింగుల్లోనే ఉన్నాయి. ఆ రికార్డింగు మీ దగ్గర ఉంది, దానికి మీరు డబ్బు తీసుకుంటున్నారు.

ఆ తర్వాత మీ మెయిల్ వచ్చింది. సమస్య రుజువు కావాలి, స్క్రీన్ రికార్డింగ్ పంపమన్నారు. మీ యాప్‌లో స్క్రీన్ రికార్డింగ్ చేస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాదు, దాన్ని ఆపేసింది మీరే. అదే మాట రాస్తే, మళ్ళీ అదే మెయిల్ అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. సరేనని మా అబ్బాయి ఫోన్‌తో టీవీని వీడియో తీసి పంపబోయాను. ఫైల్ సైజు ఎక్కువైందని మీ ఫారం తీసుకోలేదు. ముక్కలు చేసి పంపాను. మూడో పక్షం వాళ్ళ పరికరంతో తీసిన వీడియోను పరిశీలించలేమని జవాబు. మరి దేంతో తీయాలి? నేను అంత కష్టపడి తీసి పంపింది ఎందుకు? మీ ఆఫీసులో ఎవరైనా ఒకరు ఆ షో పెట్టుకుని ఐదు నిమిషాలు వింటే చాలు. ఇంతమందితో మాట్లాడాను, ఒక్కరు కూడా "ఉండండి సార్, నేను చూస్తాను" అనలేదు. నాకు మండింది అక్కడే.

ఆ మర్నాడే ఇంకో మెయిల్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" వెంటనే షో పెట్టి చూశాను. అదే నిశ్శబ్దం. నా ఫిర్యాదు టిక్కెట్ మళ్ళీ తెరవమని రాస్తే, మూసిన టిక్కెట్ తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోమన్నారు. కొత్తది పెడితే మళ్ళీ చాట్ యంత్రం దగ్గరికే వెళ్ళాను. వాల్యూమ్ పెంచమంది.

మీ యాప్ వచ్చిన కొత్తలో చేరినవాణ్ణి నేను. రేట్లు పెంచినప్పుడల్లా కట్టాను. ప్రకటనలు పెట్టినా సర్దుకున్నాను. మా బావమరిది చేత, పక్కింటివాళ్ళ చేత కూడా చేర్పించాను. పాత రెజ్లింగ్ అంతా ఒకచోట ఉందని, రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఆడుకున్న మా తరం వాళ్ళందరికీ నేనే చెప్పాను. ఇప్పుడు వాళ్ళు నన్ను అడుగుతున్నారు, ఏంటి బావా ఆ మ్యాచ్‌కి సౌండ్ లేదు అని. ఇన్నేళ్ళ ఖాతాదారుడి మాటకు మీ దగ్గర ఉన్న విలువ ఒక రెడీమేడ్ మెయిలేనా?

అసలు కామెంటరీ ఉన్న ప్రింట్ పెట్టండి. లేకపోతే లేదని ఒప్పుకుని, ఈ ఏడాది చందా వెనక్కి ఇవ్వండి. ఏది చేసినా, ముందు మీ కంపెనీలో బాధ్యత ఉన్న మనిషి ఒకరు ఆ మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసి, తన పేరు పెట్టి నాకు జవాబు రాయాలి. యంత్రం రాసిన జవాబు నాకు అక్కర్లేదు.

పదిహేను రోజుల్లో అలాంటి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో సేవాలోపం కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు కూడా లేదు, లాయర్ లేకుండా నేనే వాదించుకోవచ్చు. మీ మెయిళ్ళన్నీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. మా అబ్బాయి తీసిన వీడియో ముక్కలు కూడా ఉన్నాయి, వాటిని కమిషన్ ముందు పెడతాను. మా బావమరిది, పక్కింటివాళ్ళు కూడా ఈసారి చందా కట్టబోమని నాతో అన్నారు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు