నానబెట్టిన గోళ్ల మీద రంగు నిలవదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే మానిక్యూర్ చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. తెనాలిలో మాది ఫ్యాన్సీ షాపు. గాజులు, స్టిక్కర్లతో పాటు నెయిల్ పాలిష్ కూడా అమ్ముతాం. "రెండ్రోజులకే ఊడిపోయింది, ఇదేం సరుకు" అని మాటపడేది మేమే కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

గోళ్లని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తుడిచి, వెంటనే రంగు వేసుకోమన్నారు. చిక్కంతా అక్కడే. నీళ్లు పీల్చుకున్న గోరు కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సర్దుకుంటుంది. పైనున్న రంగు దాంతోపాటు సర్దుకోలేదు. ఇంక పెచ్చులూడక ఏం చేస్తుంది? అంట్లు తోమాక, తలంటుకున్నాక కూడా ఓ గంట ఆగి వేసుకోవాలి. తలకి నూనె రాసిన చేతులైతే ముందు రిమూవర్‌లో ముంచిన దూదితో గోళ్లు తుడుచుకోవాలి. జిడ్డు మీద ఏ కంపెనీ రంగూ పట్టదు.

త్వరగా అయిపోవాలని ఒకటే కోటు దట్టంగా పట్టించేవాళ్లు చాలామంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. రాత్రి వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి గోరు మీద దుప్పటి నేత అచ్చు పడి ఉంటుంది. పల్చగా రెండు కోట్లు వేయాలి, మధ్యలో ఆరనివ్వాలి. కుంచెని గోటి చివరి అంచు మీదుగా కూడా ఒకసారి లాగాలి. గిన్నెలు తోమే పీచు తగిలేది ఆ అంచుకే, ముందు ఊడేదీ అక్కడే. రెండ్రోజులకోసారి పైన టాప్ కోటు వేస్తే ఇంకొన్నాళ్లు గడుస్తుంది.

రంగు ఎంచుకోవడం గురించి మీరసలు రాయనేలేదు. జాకెట్టు ముక్క పట్టుకొచ్చి మ్యాచింగ్ అడుగుతారు. మా ట్యూబులైటు కింద ఉల్లిపొర రంగులా కనిపించింది వీధిలోకెళ్తే గులాబీగా తేలుతుంది. అందుకే సెల్లోటేపు ముక్క గోటికి అతికించి, దానిమీద రంగేసి, గుమ్మంలోకెళ్లి చూసుకోమంటాను. నచ్చకపోతే పీకేయడమే. షాపులో తెల్ల ప్లాస్టిక్ స్పూన్ల మీద ఒక్కో షేడూ రెండు కోట్లు వేసి దారానికి గుచ్చి వేలాడదీశాం కూడా. లేత రంగులు కుడిచేతికి అచ్చిరావు, పప్పన్నం కలిపితే పసుపు పట్టేస్తుంది. ముదురు ఎరుపు వేసేవాళ్లు అడుగున బేస్ కోటు మానకూడదు, లేకపోతే గోళ్లు పచ్చబారతాయి.

చివర్లో, నిలవాలంటే జెల్ పాలిష్ ఒక్కటే దారని తేల్చేశారు. ల్యాంపు కింద జెల్ గట్టిపడేందుకు వాడే టీపీఓ అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అన్ని జెల్‌లలోనూ అది ఉండదు, నిజమే. అయినా లేబుల్ చూసి కొనమని ఒక ముక్క రాయాల్సింది. తీయాలంటే మళ్లీ అసిటోన్‌తో తంటాలు. వారానికో రంగు మార్చే మా ఊరి పిల్లలకి ఆ టెన్షన్ ఎందుకు?

నీళ్లలో నానబెట్టమన్న మాట వరకైనా వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

– ఒక పాఠకురాలు, తెనాలి