ప్యాడ్ అబ్బాయికి ఇవ్వవలసిన 200

కావలి,
ఆదివారం.

చిరంజీవి అబ్బయ్యకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి రెండు గంటలప్పుడు ఒంగోలు స్టేషను నుంచి నువ్వు ఫోను చేసినప్పుడు, వెనక రైళ్ల రాకపోకలు చెప్పే మైకు గోలలో నీ మాటలు సగమే వినపడ్డాయి. మిగతా సగం నీ గొంతును బట్టి అర్థం చేసుకున్నాను. ఒంగోలు దాకా వచ్చినవాడివి, బండెక్కితే గంటలో దిగే కావలికి రాకుండా తిరిగి హైదరాబాదు పోయావంటే, ఆ ముఖంతో ఇంటికి రావడం నీకు ఇష్టం లేకపోయిందని అనుకున్నాను. ఫోనులో చెప్పబోతే మధ్యలో అడ్డం వస్తావు కనుక ఉత్తరం వ్రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

అక్కడి కళాశాలలో మీ బ్యాండు కార్యక్రమం గురించి నువ్వు చెప్పినదానిలో నాకు కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఏడింటికి స్టేజీ అన్నారు, నాలుగింటికే వచ్చి కూర్చోమన్నారు. మైకు సెట్టు బండి తొమ్మిదింటికి వచ్చింది, ముఖ్య అతిథి పదింటికి వచ్చాడు. ప్రసంగాలు, జ్ఞాపికలు, శాలువాలు ముగిసేసరికి పదకొండు దాటింది. మీరు మూడో పాటలో ఉండగా పోలీసులు వచ్చారని కరెంటు తీసేశారు. చివరికి మూడు పాటలకు ఇంతకంటే ఇవ్వలేమని సగం డబ్బు చేతిలో పెట్టారు. ఊరి పేరు, కళాశాల పేరు మార్చితే నేను ఇరవై ఏళ్లు పాడిన పాట ఇదే. నాకు మనసులో గుచ్చుకున్నది ఆఖరున నువ్వన్న మాట: "మేమే సరిగ్గా వాయించలేదేమోనమ్మా."

సౌండ్ చెక్ లేకుండా ఎక్కిన స్టేజీ మీద ఎవరు మాత్రం సరిగ్గా వాయించగలరు? స్టేజీ మీదివాళ్లకు తమ శబ్దం వినిపించే మానిటరు బాక్సు ఒక్కటే ఉన్నదనీ, దానిని పాడేవాడి ముందు పెట్టారనీ, డ్రమ్స్ అబ్బాయికి నీ కీబోర్డు వినపడనే లేదనీ నువ్వే చెప్పావు. అతనికి వినపడినదల్లా బయటి పెద్ద బాక్సుల నుంచి పోయి, ఎదుటి భవనం గోడకు తగిలి తిరిగి వచ్చిన శబ్దం. మీ నాయన దీనికి లెక్క చెప్పేవాడు: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, గోడ యాభై మీటర్ల దూరంలో ఉంటే అది పోయి రావడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది, తిరిగి వచ్చిన ఆ దెబ్బను పట్టుకుని వాయించేవాడి తాళం ఒక్కొక్క ఆవృత్తానికీ సాగిపోతూనే ఉంటుంది. అతనికి తాళజ్ఞానం లేదని కిందనున్నవాళ్లు అనుకొని ఉంటారు. మైకు కుయ్యిమన్నా, లైటు ఆరిపోయినా, పాట ఆలస్యమైనా జనానికి కనిపించేది వెలుతురులో నిలబడిన మీరే గాని, తెర వెనక సెల్‌ఫోను పట్టుకుని తిరిగే కార్యనిర్వాహకుడు కాదు.

పోలీసుల మాటకు వస్తే, వాళ్లను తప్పు పట్టవద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పండుగల వంటి సందర్భాలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు, అదైనా ఏడాదికి 15 రోజులకు మించకూడదు. కార్యక్రమాలు పెట్టేవాళ్లలో ఈ సంగతి తెలియనివాడు ఎవడూ లేడు. అయినా సరే, ఎదురుచూపులలో, ప్రసంగాలలో పోయిన నాలుగు గంటలను ఆలస్యం చేసినవాళ్ల లెక్కలో వ్రాయరు, ఆఖరున ఎక్కినవాళ్ల లెక్కలో వ్రాస్తారు.

నా కాలంలో ప్రసంగాల కంటే చదివింపులు పెద్ద బాధ. పల్లవి ముగించి చరణం ఎత్తుకోబోతుండగా కమిటీ మనిషి వచ్చి చేతిలో నుంచి మైకు లాక్కుని, ఫలానావారు నూటపదహార్లు చదివించారని పేరు, ఇంటి పేరు, తండ్రి పేరుతో సహా చదివి, మళ్లీ మైకు నా చేతికిచ్చి "కానీయమ్మా" అనేవాడు. శృతి ఎక్కడ వదిలానో వెతుక్కుని మొదలుపెట్టేలోపల మరొక చీటీ వచ్చేది. అది భరించవచ్చు. భరించలేనిది మరొకటి ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. షామియానా వెనక ఆడవాళ్లకు మరుగు ఉండేది కాదు. రాత్రి ఒంటిగంట దాకా పాడవలసిన దానిని, సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసేదాన్ని. గొంతు ఎండిపోయి తారస్థాయిలో జీర వస్తే, పిల్లకు సాధన తక్కువ అని ముందు వరుసలో పెద్దలు తల పంకించేవారు.

మీ బ్యాండులో ఈసారి ఒక అమ్మాయి పాడుతున్నదన్నావు. ఆ విషయం ముందుగా కనుక్కోవలసినది ఆమె కాదు, నువ్వు.

కరెంటు సంగతి కొంచెం వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే నువ్వు దానిని ఇప్పటికీ తేలికగా తీసుకుంటున్నావు. ఒంగోలు పక్కనే కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరానికి ఊపిరి, ఊదే పుల్ల సీవాళి చక్కగా ఉంటే చాలు, వీధి వీధంతా నిండిపోయేది. మనది ప్లగ్గుకు కట్టేసిన సంగీతం. ముక్కూ మొహం తెలియని వైరింగు మనిషి కూడా మన బృందంలో ఒకడే. 1997లో శ్రీరామనవమి పందిట్లో, సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో, ఆ మనిషి జనరేటరుకు, కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ వైరును బిగించకుండా మెలితిప్పి వదిలేశాడు. మూడు ఫేజులు, అంటే కరెంటు తెచ్చే మూడు తీగలు ఉండే త్రీఫేజు జనరేటరులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ ఊడిపోతే ఆ 400లో ఎక్కువ భాగం లోడు తక్కువగా ఉన్న వైపు వచ్చి పడుతుంది. ఆ రాత్రి పందిరి దీపాలన్నీ ఒక ఫేజు మీద, మా కీబోర్డు, ఆంప్లిఫయరు, స్టేజీ మీద ఒక బల్బు మరొక ఫేజు మీద ఉన్నాయి. నేను పాడుతూ పాడుతూ ఆ బల్బు వైపు చూశాను. పచ్చగా ఉన్నది కాస్తా పాల తెలుపుకు తిరిగి ఠప్పున పగిలింది. ఆ వెంటనే మీ నాయన చేతుల కింద కీబోర్డు మూగబోయింది, వెనక నుంచి కాలిన బేకలైటు వాసన సన్నగా లేచింది. మీ నాయన వేళ్లు మెట్ల మీద ఇంకా నాలుగు స్వరాలు నడిచాయి. శబ్దం రాలేదన్న సంగతి చేతులకు ఆలస్యంగా తెలిసింది. దాని మీద అప్పటికి మనం ఇంకా ఏడు వాయిదాలు కట్టవలసి ఉండింది.

మీ సామానుకు మీదే బాధ్యత అన్నారు కమిటీవాళ్లు. మంచులో చర్మం సడలిన ఢోలక్కును దీపం దగ్గర వేడి చేసుకుంటూ, ఆ ఒక్క ఢోలక్కుతోనే మరొక గంట పాడించుకున్నారు. ఎర్తింగు లేని చోట మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుందని నేను చేతిరుమాలు చుట్టి పాడేదాన్ని, అది నా అలవాటు అనుకుని కొందరు మెచ్చుకునేవారు కూడాను.

ఇవన్నీ మనకు జరిగినవి. మనం చేసినది కూడా ఒకటి ఉంది. అది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టి, ఇంతసేపు చుట్టూ తిరిగాను.

బృందం లెక్కలు నేను వ్రాసేదాన్నని నీకు తెలుసు. నీలి అట్ట పొడుగు నోటుపుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉన్నది, నిన్న తీసి చూశాను. 1998 వినాయక చవితి రోజుల్లో ఒక పుట ఇలా ఉంది. ఒప్పుకున్నది 6,000. బయానా 1,000. రాత్రి చేతికి వచ్చినది 2,000. రావలసినది 3,000. ఆ మూడు వేలు రాలేదు, మరుసటి వారం అడగబోతే కోశాధికారి తిరుపతి పోయాడన్నారు, ఆ పై వారం మాకూ చందాలు రాలేదన్నారు. దాని కింద ఖర్చు: వ్యాను 1,100, గాయకుడు 500, తబలా 400, ఢోలక్ 400, ప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము) వాయించిన అబ్బాయికి 100. ప్యాడ్ అన్న మాట పక్కన నా చేతిరాతతో "ఇవ్వవలసినది 200". ఆ కింద, మిగులు 500.

ఆ పుట మరొకసారి కూడి చూడు. మనకు 500 మిగిలింది, ఆ అబ్బాయికి 200 బాకీ పడ్డాము. మిగిలినది పట్టుకుపోయి కీబోర్డు వాయిదా కట్టాము. మీ నాయన అబ్బాయికి ఇచ్చేద్దామన్నాడు. వద్దన్నది నేను. తబలా ఆయన పెద్దవాడు, మాట అంటాడు. గాయకుడు అలిగితే దసరా కార్యక్రమాలు ఆగుతాయి. ప్యాడ్ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు, బిట్రగుంట నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేవాడు, ఎంత ఇచ్చినా లెక్క చూసుకోకుండా జేబులో పెట్టుకునేవాడు. అడగడు కనుక అతనిది ఆపాను. మమ్మల్ని కమిటీ ఎలా చూసిందో, అతనిని నేను అచ్చంగా అలాగే చూశాను. కమిటీకి చందాలు రాలేదన్న సాకు ఉన్నట్టే నాకు రావలసిన 3,000 సాకు ఉంది.

దసరాకు అతను రాలేదు. నాలుగేళ్ల తరువాత ట్రంకు రోడ్డులో ఒక టైర్ల దుకాణంలో కనిపించాడు. చేతులు నల్లగా ఉన్నాయని నమస్కారం మణికట్టుతో పెట్టాడు. నేను పర్సు తీసి, బాకీ ఉన్నామని 200 ఇవ్వబోతే, తనకు ఆ డబ్బు సంగతే గుర్తు లేదన్నాడు. కొంచెం ఆగి, "ఆ రాత్రి నేను వైర్లన్నీ చుట్టి వచ్చేసరికి గిన్నెలు బోర్లించేశారక్కా. తిన్నావా అని ఎవరూ అడగలేదు. అదొకటి గుర్తుంది" అన్నాడు. కోపంగా అనలేదు, అడిగితే చెప్పినట్టు చెప్పాడు. డబ్బు తీసుకోలేదు. అతని పేరు మేము ఏ స్టేజీ మీదా ఎన్నడూ చెప్పలేదన్న సంగతి, ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే అప్పుడు తోచింది. మన నెల్లూరువాడై అంత ఎత్తుకు పోయిన బాలసుబ్రహ్మణ్యం గారు టీవీలో వెనక కూర్చున్న వాద్యకారులను పేరు పెట్టి పలకరిస్తుంటే, ఎంత వినయమో అని ప్రతి వారం కళ్లు తుడుచుకున్నదాన్ని నేనే.

ఇప్పుడు నీ సంగతి. మీ డ్రమ్మరుకు జ్వరమని చీరాల నుంచి ఒక అబ్బాయిని అప్పటికప్పుడు పిలిపించామన్నావు. సగం డబ్బే వచ్చిందన్న తరువాత, ఆ అబ్బాయికి ఎంత ఇచ్చారని అడిగాను. రైలు వస్తోందని ఫోను పెట్టేశావు. రైలు వచ్చి ఉండవచ్చు. కాని ఆ అడ్డాన్ని నేను ఎరుగుదును అబ్బయ్యా, నేను వాడినదే.

వాళ్లు మీకు ఇవ్వవలసిన సగం కోసం పోట్లాడు, వద్దనను. ఒప్పుకున్న మొత్తం వాట్సాప్‌లో ఉన్నదన్నావు కనుక అది చూపించి మర్యాదగా, వదలకుండా అడుగు. మొదటివాడు రెండోవాడి పేరు, రెండోవాడు మూడోవాడి పేరు చెబుతారు. అందుకే రేపటి నుంచి ఒప్పుకునే రోజునే డబ్బుకు ఒక్క మనిషిని పేరుతో సహా అడిగి పెట్టుకో. వ్యాను కదలక ముందే సగం అందాలని మీ నాయన చివరి రోజులలో పట్టుబట్టేవాడు, దానివల్ల కొన్ని కార్యక్రమాలు పోయాయి కూడా. పోయినవాటిలో మేము బాధపడినవి ఒకటో రెండో ఉంటాయి. స్టేజీ ఎక్కే వేళ, దిగే వేళ రెండూ వ్రాయించుకో. ఎక్కే వేళ ఒక్కటే వ్రాస్తే ఆలస్యమంతా నీ పాటల్లో కోస్తారు. సాయంత్రం పోగానే స్టేజీ కంటే ముందు జనరేటరు దగ్గరకు పోయి న్యూట్రల్ బిగించారో లేదో చూడు, టెస్టరు, మల్టీమీటరు సంచిలో ఉంచుకో. మీ నాయన మల్టీమీటరు ఇక్కడే ఉన్నది, బ్యాటరీ మార్పించాను. ఇన్ని అడిగితే పొగరు అంటారు. అననీ.

అన్నిసార్లూ ఇవి సాగవని నాకు తెలుసు. తెలిసినవాళ్ల పెళ్లి ఉంటుంది, ఊరి గుడి ఉంటుంది, కాదనలేవు. అటువంటప్పుడు డబ్బు రాదని ముందే అనుకుని పో, కాని బయటి నుంచి పిలిపించుకున్న మనిషికి ఇవ్వవలసినది నీ జేబులో పెట్టుకుని పో.

చీరాల అబ్బాయి ఆ రాత్రి తిన్నాడో లేదో కూడా కనుక్కో. డబ్బు తక్కువైతే నాకు చెప్పు, పింఛను వచ్చింది, మొహమాటపడకు. అతనికి వేసిన తరువాత వేశానని నాకు ఒక్క ముక్క పంపించు.

ఉలవపాడు నుంచి వచ్చిన సపోటాలు రెండు డజన్లు, మల్టీమీటరు కలిపి పార్సిలు కడుతున్నాను. పండ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి, నువ్వు తీసుకునేసరికి మగ్గుతాయి.

ఇట్లు,
మీ అమ్మ.