ఆ పాట మొదట పాడినవాడు ఓ.వి. రైట్

సంపాదకులకు,

చర్చి పాటల బాణీలోంచి ఎదిగిన నల్లజాతివారి సంగీతం, అమెరికన్ సోల్‌పై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. ఓటిస్ రెడింగ్, అరీతా ఫ్రాంక్లిన్, అల్ గ్రీన్ వంటి గాయకుల గురించి వ్యాసకర్త రాసినదానితో నాకు పేచీ లేదు. 'దట్స్ హౌ స్ట్రాంగ్ మై లవ్ ఈజ్' అనే పాటను రెడింగ్ సొంత పాటగా చెప్పిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. రెడింగ్ దాన్ని గొప్పగా పాడిన మాట నిజమే. కానీ అంతకుముందే, 1964లో, మెంఫిస్ నగరంలోని గోల్డ్‌వ్యాక్స్ అనే చిన్న రికార్డు కంపెనీకి ఆ పాట పాడి రికార్డు చేసినవాడు ఓ.వి. రైట్. రాసినవాడు రూజ్‌వెల్ట్ జేమిసన్. ఇది ఒక్కసారి దొర్లిన పొరపాటే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. రైట్ విషయంలో మొదటినుంచీ ఇదే జరుగుతూ వచ్చింది.

1939లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టిన రైట్ చర్చి పాటలతో పెరిగి, సన్‌సెట్ ట్రావెలర్స్, హార్మనీ ఎకోస్ వంటి గోస్పెల్ (క్రైస్తవ భక్తిగీతాల) బృందాల్లో పాడాడు. రెండో బృందంలో అతనితోపాటు జేమ్స్ కార్ కూడా ఉండేవాడు. అంత గొప్ప గొంతులు రెండు ఒకే చోట ఉండి, రెండూ మరుగున పడిపోవడం గురించి విడిగా మరో ఉత్తరమే రాయవచ్చు. మెంఫిస్‌లో ఒక రక్తనిధిలో ఉద్యోగం చేస్తూ పాటలు రాసుకునే జేమిసన్ ఈ ఇద్దరినీ చర్చి పాటల నుంచి సోల్ వైపు మళ్లించాడు. గోల్డ్‌వ్యాక్స్ రికార్డు ఆ ప్రయత్నంలో మొదటి ఫలం.

ఆ ఫలం అతని చేతికి అందకుండా చేసింది ఒక పాత ఒప్పందం. సన్‌సెట్ ట్రావెలర్స్ బృందం హ్యూస్టన్‌కు చెందిన డాన్ రోబీ అనే వ్యాపారి రికార్డు కంపెనీకి పాడింది కాబట్టి, ఆ బృందంలోని గాయకుడు తనకే కట్టుబడి ఉన్నాడని రోబీ అడ్డుపడ్డాడు. గోల్డ్‌వ్యాక్స్ రైట్‌ను వదులుకోవలసి వచ్చింది. ఈలోగా రెడింగ్ పాడిన రికార్డు బయటికి వచ్చింది, 1965లో రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం కూడా అదే పాట పాడింది. పాటకు లోకమంతా పేరొచ్చే వేళకు దాన్ని మొదట పాడినవాడు రోబీకి చెందిన బ్యాక్ బీట్ లేబుల్ కింద మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకుంటున్నాడు.

రోబీ గురించి మరొక్క మాట చెప్పాలి. అతని కంపెనీ రికార్డులను తిరగేసి చూస్తే రచయిత పేరు ఉండవలసిన చోట 'డెడ్రిక్ మలోన్' అన్న పేరు పదేపదే కనిపిస్తుంది. అలాంటి రచయిత ఎవరూ లేరు. అది రోబీ పెట్టుకున్న బినామీ పేరు. రచయితల దగ్గర కొద్దిపాటి సొమ్ముకు పాటను పూర్తిగా కొనేసి, ఈ పేరుతో హక్కులు తన దగ్గరే ఉంచుకోవడం అతని పద్ధతి. రైట్ పాటల్లో పేరెక్కిన 'ఎయిట్ మెన్, ఫోర్ ఉమెన్' మీద ఉన్నదీ ఆ పేరే. అందులో ఒకడు తాను బోనులో నిలబడినట్టు కల గంటాడు. ఎనిమిది మంది మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు ఉన్న జ్యూరీ అతన్ని ప్రేమించిన నేరానికి దోషిగా తేలుస్తుంది. వినడానికి కాస్త వింతగా తోచే ఈ ఊహను రైట్ ఏమాత్రం నవ్వు రానివ్వకుండా, నిజంగానే తీర్పు వింటున్న మనిషిలా పాడతాడు. 1967లో ఈ పాట ఆర్ అండ్ బి చార్టులో (నల్లజాతి శ్రోతల ఆదరణను బట్టి పాటలకు వరుస ఇచ్చే పట్టికలో) 4వ స్థానానికి చేరింది, దేశమంతటి శ్రోతలను లెక్కలోకి తీసుకునే పాప్ చార్టులో మాత్రం 80 దగ్గరే ఆగింది. నల్లజాతి శ్రోతలు నెత్తిన పెట్టుకున్న గాయకుడు మిగతా అమెరికాకు దాదాపు వినపడనేలేదన్నమాట. పాప్ చార్టులో మొదటి 40 స్థానాల్లోకి అతని పాట ఒక్కటీ ఎప్పుడూ రాలేదు.

గొంతులో లోపమా అంటే, కానే కాదు. రైట్ పాటలను తీర్చిదిద్దిన నిర్మాత విల్లీ మిచెల్. ఒకప్పటి సినిమా హాలును మార్చి కట్టిన రాయల్ స్టూడియోలో, అదే మిచెల్, అదే వాద్యబృందం తోడుగా అల్ గ్రీన్ 1972లో పాప్ చార్టులో ఒకటో స్థానం అందుకున్నాడు. గ్రీన్ చెవి దగ్గర గుసగుసలాడినట్టు పాడతాడు. రైట్ అలా కాదు. సువార్త చెప్పే పాస్టరు గొంతు ఎక్కడ బొంగురుపోతుందో, ఎక్కడ మాట విరిగి ఏడుపవుతుందో అవన్నీ దాచకుండా పాటలోకి తెచ్చాడు. 1971 నాటి 'ఎ నికెల్ అండ్ ఎ నెయిల్' వినండి. ఉన్నదంతా పోగొట్టుకున్న మనిషి జేబులో మిగిలింది ఒక ఐదు సెంట్ల నాణెం, ఒక మేకు. స్నేహితులు ఎదురైతే నవ్వు తెచ్చిపెట్టుకోవాలి. వెనక వాద్యాలు తొందరపడకుండా ఒకే నడకలో సాగుతుంటే, ఆ దాపరికం ఎంత కష్టమో గొంతు చెబుతుంది. రేడియోలో మరో పని చేసుకుంటూ వినే పాట కాదిది, బహుశా అదే దానికి అడ్డమైంది.

మత్తుమందులే రైట్‌ను ముంచాయని కొందరు తేల్చేస్తారు. ఆ వ్యసనం నిజం, 1970ల నడుమ అతను జైలుకు వెళ్లినదీ నిజం. కానీ ఒప్పందం పేరుతో అతని మొదటి అవకాశం చేజారింది అంతకు పదేళ్ల ముందు. కారణాలు చెప్పేటప్పుడు ఆ వరుస తారుమారు కాకూడదని నా మనవి. బయటికి వచ్చాక మిచెల్ అతన్ని 'హై' అనే రికార్డు కంపెనీకి తీసుకుని మళ్లీ పాడించాడు. కానీ అప్పటికి డిస్కో అనే డాన్సు సంగీతం గాలి వీస్తోంది. 1979లో జపాన్ వెళ్లి పాడాడు, ఆ కచేరీ రికార్డుగా వచ్చింది. 1980 నవంబరులో అంబులెన్సులో గుండెపోటుతో పోయాడు. వయసు 41. మెంఫిస్‌లోని అతని సమాధికి 2008 వరకు పేరు చెక్కిన రాయి లేదు. చివరికి అభిమానులు డబ్బు పోగుచేసి వేయించారు. అప్పటికే హిప్‌హాప్ కుర్రాళ్లు అతని గొంతును ముక్కలుగా తీసి తమ పాటల్లో కలిపేసుకున్నారు. ర్యాప్ గాయకుడు గోస్ట్‌ఫేస్ కిల్లా 1996 నాటి పాటలో వినిపించే ఆ ఏడుపు ఎవరిదో విన్నవారిలో ఎంతమందికి తెలిసి ఉంటుంది?

వ్యాసంలో రైట్‌కు ఒక పేరా కేటాయించి ఉండవలసిందని నేను అనడం లేదు. ఎవరి గురించి రాయాలన్నది వ్యాసకర్త ఇష్టం. వచ్చే ఆదివారం సవరణల చోట ఈ రెండు వాక్యాలు వేస్తే చాలు: 'దట్స్ హౌ స్ట్రాంగ్ మై లవ్ ఈజ్' పాటను రాసినవారు రూజ్‌వెల్ట్ జేమిసన్. 1964లో మొదట పాడి రికార్డు చేసినవారు ఓ.వి. రైట్.

ఇట్లు,
మీ పాఠకుడు